సిరిల్ పూడ్చిన అక్షరాలు

మే నెలలో మొదటి యాత్రికుల ఓడ వచ్చిన రోజు నుంచి మా వీధికి సగం ఎండ పోతుంది. మా అలాస్కా తీరంలో ఎండే తక్కువ. ఆ ఉన్న కాస్తకీ పదీ పన్నెండంతస్తుల తెల్ల ఇనుము అడ్డం నిలబడుతుంది. గ్రంథాలయంలో నేను కూర్చునే కిటికీ పక్క బల్ల మీద పగటిపూటే దీపం వేస్తారు. దీన్నే మా వాళ్లు సీజన్ అంటారు, వచ్చిందని పండగ చేసుకుంటారు. ఆ అయిదు నెలల తిండితోనే మిగతా ఏడు నెలలూ ఊరు బతకాలి కాబట్టి నేనూ నోరు మూసుకుని పనికి పోతాను.

నా పని ఓడను రేవుకి కట్టడం. పైనుంచి సన్న తాడు విసురుతారు. దాన్ని లాగుతూ పోతే వెనక లావు మోకు వస్తుంది, దాన్ని గట్టు మీది ఇనుప గుంజకి తగిలించాలి. నాతో పాటు ఆ పని చేసేవాడు సిరిల్. అతనికి అరవై దగ్గర పడ్డాయి. తండ్రి సాల్మన్ డబ్బాల ఫ్యాక్టరీలో పనికని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు, తల్లి ఇక్కడి మా ట్లింగిట్ తెగ ఆడమనిషి. సిరిల్ చేతులు తండ్రివి, మొండితనం తల్లిది అని ఊళ్లో చెప్పుకుంటారు. మనిషి పెద్దగా మాట్లాడడు. మోకు జారితే తిట్టడు, మళ్లీ లాగుతాడు.

మోకులు కాక అతనికి ఇంకో పని ఉంది. అదే అతనికి అసలు పని.

మా రేవుకి వెనక గోడలా ఒక కొండ నిలబడి ఉంటుంది. మొదటిసారి మా రేవుకి వచ్చిన ఓడ పేరూ, దాని కెప్టెన్ పేరూ ఆ రాతి మీద పెద్ద అక్షరాలతో రాయడం మా దగ్గర ఆచారం. ఒకప్పుడు ఓడ సిబ్బందే తాళ్లు కట్టుకుని దిగి రాసేవాళ్లు. ఒక నావికుడు కాలు విరగ్గొట్టుకున్నాక ఆ పని సిరిల్‌కి వచ్చింది. ఓడ మీది సామాన్లలోంచి రంగు వాళ్లిస్తారు, తాడుకి వేలాడేది ఇతను. శీతాకాలం వానకీ మంచుకీ రంగు ఊడిపోతుంది గనక ప్రతి ఏప్రిల్‌లోనూ అన్ని పేర్లకీ మళ్లీ రంగు వేసేవాడు. ప్రయాణికులు పొద్దున్నే కాఫీ పట్టుకుని వాళ్ల గది వసారాలోకి వస్తే ఎదురుగా, చేతికందేటంత దగ్గరగా, ఆ పేర్లే ఉండేవి. మబ్బు, వాన, మధ్యలో ఎర్రగా నీలంగా ముత్యాల్లాంటి అక్షరాలు. వంద దేశాల రేవులు చూసిన వంటవాళ్లు కూడా సెలవు గంటలో దిగొచ్చి, ఆ గోడ ముందు ఫొటో దిగి ఇంటికి పంపేవాళ్లు.

సరిగ్గా ఆ అక్షరాల కింద సిరిల్ భార్య మార్లీన్ బండి ఉండేది. నూనెలో వేయించిన రొట్టె, పొగబెట్టిన సాల్మన్. ఫొటోల కోసం ఆగిన జనం వాసనకి బండి దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ చోటు కోసం ఆమె ఏళ్ల తరబడి కాచుక్కూచుంది. పక్కన పచ్చరాళ్ల కొట్టువాడు ఖాళీ చేసిపోయాక గానీ దొరకలేదు.

"పైన నా మొగుడు రాస్తాడు, కింద నేను వడ్డిస్తా. మా ఇంట్లో కూడా ఇంత దగ్గరగా ఉండం," అని నవ్వేది.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఒక రోజు సిరిల్ తాడు దిగి వచ్చి, నా పక్కన గుంజ మీద కూర్చున్నాడు. చేతులకి రంగు లేదు. కుంచె తడవనే లేదు.

"ఒరేయ్ పుస్తకాలోడా," అన్నాడు. "రాయి ఊపిరి పీలుస్తుందని ఎక్కడన్నా రాశారా?"

"లేదు బాబాయ్. ఏమైంది?"

"చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా పోయింది. లోపల్నుంచి చల్లగాలి వచ్చింది."

అప్పుడు చెప్పాడు. ఎన్నో ఏళ్ల కింద ఒక కెప్టెన్ పేరులో ఒక అక్షరం మీద వెంట్రుకంత చీలిక కనపడిందట. అక్షరం విరిగినట్టుంటే తన పనికి సిగ్గు అనిపించి, పడవ చీలికలకి పెట్టే లప్పం తీసుకుపోయి పూడ్చి, నున్నగా రుద్ది, పైన రంగు వేశాడు. మరుసటి ఏడు చీలిక పక్క అక్షరానికి పాకింది, అక్కడా పూడ్చాడు. ఏటా రాయి నోరు తెరుస్తూ పోయింది, ఏటా ఇతను మూస్తూ పోయాడు. వాన వల్ల వచ్చిన పగుళ్లనుకున్నాడట. నిజంగా అలాగే అనుకున్నాడో, అనుకోవాలనుకున్నాడో నాకు తెలియదు.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ప్రతి శరత్కాలంలోనూ కొండని చూడ్డానికి ఇంజనీర్లు వస్తారు. మా రేవు మేనేజర్ లైల్ వాళ్లని గట్టు మీద నిలబెట్టి దూరదర్శిని చేతికిచ్చేవాడు. "ఆ పేర్లు చూడండి. ఇన్నేళ్లుగా గీత గీసినట్టున్నాయి. రాయి కదిలితే అక్షరం వంకర పోదా?" అనేవాడు. వాళ్లు చూసేవాళ్లు. నిజంగానే గీత గీసినట్టుండేవి. తలూపి వెళ్లిపోయేవాళ్లు. ఆ మాటలు జరిగేటప్పుడు సిరిల్ తాడు చుట్టుకుంటూ అక్కడే ఉండేవాడు. తన పనిని మెచ్చుకుంటున్నారని సంతోషించేవాడట.

ఆ సాయంత్రం అతను మార్లీన్‌ని బండి మార్చమని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. నేను రొట్టె కోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"బండి పోస్టాఫీసు పక్కకి మార్చుకోరాదా?"

"ఏం, ఇక్కడ నా మొహం చూడలేకపోతున్నావా?"

"అక్కడ గాలి బాగుంటుంది."

"గాలి అమ్ముతానా నేను? ఈ చోటుకి ఎంత కాచుకున్నానో తెలీదూ? పోవయ్యా, పోయి నీ కెప్టెన్ల పేర్లకి రంగేసుకో."

సిరిల్ తాడు చుట్ట భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. కారణం చెబితే ఆమె కదిలేది. కానీ కారణం చెబితే తను ఇన్నేళ్లూ చేసిందీ చెప్పాలి. పైగా ఆమె ఒక్కతే కదిలితే సరిపోదు. ఆమె పక్కన తిమింగలాల్ని చూపించే పడవకి టికెట్లు అమ్మే పిల్ల ఉంది, బస్సులకి పిలిచే ముసలాయన ఉన్నాడు, ఓడ వచ్చిన రోజున మూడు వేల మంది ఉంటారు.

రెండ్రోజులు చూసి లైల్ దగ్గరికి వెళ్లాడు. ఒక్కడే పోలేక నన్ను తీసుకుపోయాడు. లైల్ విన్నాడు. మధ్యలో ఆపలేదు. విన్నాక తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఈ మాట ఇంకెవరికి చెప్పావ్?"

"వీడికే."

"సెప్టెంబరు దాకా చెప్పకు. సీజన్ అయిపోనీ. అక్టోబరులో నేనే పిలిపిస్తా వాళ్లని. ఇప్పుడు రేవు మూస్తే చలికాలం ఊరంతా ఏం తింటుంది, నీ లప్పమా?"

"రాయి అక్టోబరు దాకా ఆగుతుందని నీకెవరు చెప్పారు?"

"చూడు సిరిల్, టికెట్లమ్మేది నా కూతురు. ఆ రాయి కిందే కూర్చుంటుంది. నాకు భయముంటే దాన్ని అక్కడ కూర్చోబెడతానా?"

సిరిల్ లేచి నిలబడ్డాడు. "నువ్వు నా అక్షరాల్ని చూసి కూర్చోబెట్టావు," అన్నాడు.

లైల్ చెడ్డవాడని రాసేస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆ మాటకి అతను కిటికీలోంచి కూతురు కూర్చునే చోటు వైపు చూడడం నేను గమనించాను. చూసినా సరే, ఓడలకి కబురు పెట్టలేదు. మే వచ్చింది, ఓడలు వచ్చాయి.

జూన్‌లో వానలు పట్టాయి. తెరిపి ఇచ్చిన ఒక పొద్దున పెద్ద ఓడ వచ్చింది. మోకులు తగిలించాం, నిచ్చెన దించారు, జనం రేవు మీదికి దిగారు. నేనూ సిరిలూ మార్లీన్ బండి దగ్గరికి పోయేసరికి పైనుంచి కోడిగుడ్డంత రాయి ఒకటి బండి రేకు మీద పడి, దొర్లి, నూనె మూకుట్లో పడింది. నూనె చిట్లి ఆమె మోచేతి మీద పడింది. ఆమె చెయ్యి దులుపుకుని, పటకారుతో రాయిని తీసి పళ్లెంలో పెట్టింది.

"ఇది కూడా అమ్ముడుపోతుంది చూడు. అలాస్కా రాయి, వేడివేడిగా," అంది వరసలో నిలబడ్డవాళ్లతో. వాళ్లు నవ్వారు.

సిరిల్ నవ్వలేదు. ఆ రాయిని చేత్తో పట్టుకున్నాడు. కాలుతున్నా వదల్లేదు. దాని ఒక పక్కన తెల్లటి లప్పం, నీలం రంగు అంటుకుని ఉన్నాయి.

ఓడ ఉండగా కొండ ఎక్కకూడదని మా రేవులో నియమం. అతను ఎక్కాడు. ఓడ మీది నావికుల మేస్త్రీ రొహెలియో పడవల అంచులకి వేసే ఎర్రరంగు డబ్బా ఇచ్చాడు, ఎప్పటిలాగే పేర్ల కోసమనుకుని. సిరిల్ తాడు కట్టుకుని దిగి, ఉలి తీసి, తన అక్షరాల్లోంచి తన లప్పాన్ని తనే ఊడగొట్టడం మొదలుపెట్టాడు. తెల్లటి పెచ్చులు మార్లీన్ బండి మీద రాలాయి. ఊడగొట్టినంత మేరా చీలిక మీదుగా కుంచె పెట్టి ఎర్రగా గీత లాగుతూ పోయాడు.

వసారాల్లో నిలబడ్డ ప్రయాణికులు మొదట చప్పట్లు కొట్టారు. తమ కోసం ఏర్పాటు చేసిన వేడుక అనుకున్నారు. ఫొటోలు తీశారు. గీత ఒక పేరు దాటింది, రెండో పేరు దాటింది, ఆగలేదు. కొండకి ఈ పక్కనుంచి ఆ పక్కకి, ఓడల పేర్లన్నిటినీ నడిమికి కోసుకుంటూ పోయింది. ఒక్కొక్క వసారాలోనూ చప్పట్లు ఆగిపోయాయి. పైన వాళ్లకి కనిపించినంత మాకు కింద కనిపించలేదు. వాళ్ల మొహాలు చూసి కొండంతా చీలిందని మాకు అర్థమైంది.

కెప్టెన్ బయటికి వచ్చి చాలాసేపు చూశాడు. గీత విడదీసిన పేర్లలో అతని పేరు కూడా ఉంది. తర్వాత ఓడ కూత వేసింది. వెళ్లే వేళకి వేసే కూత కాదు, పొట్టిగా, మళ్లీ మళ్లీ. జనం వెనక్కి ఎక్కడం మొదలుపెట్టారు. లైల్ పరుగెత్తుకొచ్చి కొండవైపు చెయ్యి ఊపుతూ ఏదో అరవబోయి, ఆగి, నేరుగా టికెట్లమ్మే డబ్బాకొట్టు దగ్గరికి పోయి కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. డబ్బా తలుపు కూడా వేయలేదు.

మార్లీన్ పొయ్యి ఆర్పింది. తలెత్తి పైకి చూసింది. ఎంతసేపు చూసిందంటే, ఏటా ఏప్రిల్‌లో అతను ఇంటికి తెచ్చిన లప్పం డబ్బాలన్నీ ఆమెకి గుర్తుకొచ్చి ఉంటాయి.

"దిగవయ్యా," అంది. గట్టిగా కూడా అనలేదు. "బండి తొయ్యాలి, ఒక చెయ్యెయ్యి."

ఆ వేసవి మిగిలిన ఓడలన్నీ మమ్మల్ని దాటి పక్క ఊరికి పోయాయి. ఇంజనీర్లు పరికరాలు బిగించారు. కొండ కదులుతోంది, ఎప్పుడు పడుతుందో చెప్పలేం అన్నారు. రేవుకి కంచె వేశారు. సిరిల్ ఇంటి మెట్ల మీద ఎవరో చేప పేగులు కుమ్మరించి పోయారు. బారులో నా వయసువాళ్లు కొండ పడకపోతే వాడి సంగతి చూస్తామంటారు. పడాలని ఎవరూ అనరు గానీ, పడితే కనీసం ఎదురుచూపు తప్పుతుంది కదా అన్నట్టు ప్రతివాడూ కిటికీలోంచి అటే చూస్తుంటాడు. నా బల్ల మీద ఇప్పుడు పగలంతా వెలుతురే. చదువు సాగదు.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున కంచె ఇవతల బెంచీ మీద వాళ్లిద్దరూ కూర్చుని ఉంటే నేనూ పోయి కూర్చున్నాను. సిరిల్ ఒకే గీతగా గీసిన ఎర్రరంగు ఇప్పుడు రెండు గీతలుగా ఉంది. పైన ఒకటి, కింద ఒకటి, నడుమ నలుపు. మేం చూస్తుండగానే ఒక బొంతకాకి ఆ నలుపులోకి రెక్కలు ముడుచుకుని దూరింది. బయటికి వస్తుందేమోనని చూశాం. రాలేదు.

మార్లీన్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచింది. సిరిల్ అందుకోలేదు. అతని కుడిచేతి బొటనవేలు మోకాలి మీద నెమ్మదిగా, ఒత్తిపట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి పాకుతోంది. లప్పం రుద్దేటప్పుడు అలాగే చేస్తాడు.

ఆమె ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఆపింది.

"ఇంక చాల్లే," అంది.

కొండ మీదినుంచి సన్నగా మట్టి రాలిన చప్పుడైంది. ముగ్గురం కదల్లేదు.