వీపు మీది మట్టి

మా చెల్లి ఎలా పైకొచ్చిందో ఎవరినైనా అడగండి, ఒకటే కథ చెబుతారు. విజయనగరంలో ఆ సాయంత్రం టీవీ కుస్తీలో అది గెలిచిందట. కింద పడి ఉన్న శత్రువును చూసి జాలిపడి, వంగి, ఆమె వీపు మీది దుమ్ము తన చేత్తో తుడిచిందట. ఆ దుర్మార్గురాలు లేచి కుర్చీతో కొట్టి ఎముక విరిచిందట. అయినా మన ఊరమ్మాయి ఒంటి చేత్తో ఆమెను చితక్కొట్టిందట. దాంతో టీవీ చూసేవాళ్ళంతా దాన్ని నెత్తిన పెట్టుకున్నారట. నా మందుల షాపుకి జ్వరం బిళ్ళల కోసం వచ్చినవాళ్ళు కూడా కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఈ కథ నాకే చెబుతారు. మొన్న ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"అయినా అదంతా నాటకమే కదమ్మా. దెబ్బలు నిజంగా తగలవంట కదేటి."

"అయితే మీకీ మోకాలి మందెందుకండి? నొప్పి లేనట్టు నాటకమాడండి, సరిపోద్ది."

ఆయన ఇప్పుడు మందులకి పక్క వీధి షాపుకి వెళ్తున్నాడు. వెళ్ళనీండి. ఆ కథలో జాలి అబద్ధం, దుర్మార్గం అబద్ధం. విరిగిన ఎముక మాత్రం నిజం. ఆ ఎక్స్‌రే నా బీరువాలో ఉంది.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పని చేస్తూ, షిఫ్టు దిగాక తాలింఖానా నడిపేవాడు. ఓ రేకుల షెడ్డు, దాని మధ్యలో నూనె, మజ్జిగ కలిపి మెత్తబరిచిన ఎర్రమట్టి గోదా. అక్కడ కుస్తీ నేర్పే వస్తాదు ఆయనే. చెల్లికి రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది, నాకప్పుడు పదిహేడు. నేను కాలేజీకి వెళ్తే దాన్ని చూసుకునేవాళ్ళు లేక నాన్న గోదా గట్టు మీద కూర్చోబెట్టేవాడు. ఆడపిల్లను కుస్తీలో దించిన ఆదర్శవాది అని ఆయనకు ఇప్పుడు సన్మానాలు చేస్తున్నారు. ఆయన దించలేదు. అదే గట్టు మీంచి జారి మట్టిలో పడింది, ఆయన తీయలేదు.

నేర్పడమంటే కొట్టడమే. పట్టు తప్పితే చెవి మీద అరచేత్తో కొట్టేవాడు. మట్టిలో రాపిడికి సగం, నాన్న చేతికి సగం, దాని ఎడమ చెవి వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది. పదో ఏట ముందరి పళ్ళలో ఒకటి పోయింది. పద్నాలుగేళ్ళకు తనకంటే ఇరవై కిలోలు బరువున్నవాడి మోచేయి వెనక్కి తిప్పి, వాడు ఓడిపోయానని నేల చరిచేదాకా వదల్లేదు. నేను అడ్డం వెళ్తే నాన్న అనేవాడు, "నువ్వు సదువుకున్నదానివి, నోటితో కొడతావు. దానికి సేతులే ఉన్నాయి. కొట్టుకోనీ."

అయితే ఆ గోదాకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత కసిగా కొట్టుకున్నా సరే, గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ వీపు మీది మట్టిని తమ అరచేత్తో తుడవాలి. తుడిస్తేనే ఆ కుస్తీ ముగిసినట్టు. తుడవకుండా గట్టెక్కితే అది ఇంకా నడుస్తున్నట్టే. ఓడినవాళ్ళు పదేళ్ళ తరవాత వచ్చి రమ్మన్నా, గెలిచినవాళ్ళు కాదనకుండా దిగాల్సిందే.

చెల్లి రాష్ట్రం పోటీల్లో వరసగా నాలుగేళ్ళు మొదటి స్థానంలో నిలిచింది, దేశం పోటీల్లో కంచు పతకం తెచ్చింది. అప్పుడు ఆ టీవీ కుస్తీల కంపెనీవాళ్ళు వచ్చి రమ్మన్నారు. మెరుపుల బట్టలు, పాట, పొగ, ఎవరు గెలవాలో ముందే రాసుకున్న కాగితం. చెల్లి వెళ్తానంది. నాన్న గోదాలో దిగి రమ్మని చెయ్యి ఊపాడు. మూడు నిమిషాల్లో దాన్ని ఎత్తి పడేశాడు. పడేసి, వీపు తుడవకుండా గట్టెక్కేశాడు.

"రాసుకున్న కుస్తీకి నా మట్టెందుకే? ఎలితే ఎల్లు. ఎల్లినాక మరి ఈ గోదాలో కాలెట్టకు."

"తుడవలేదు నాన్నా."

"తుడవను."

వీపు నిండా ఆ మట్టితోనే అది రైలెక్కింది. స్నానం చేసి వెళ్ళవే అంటే వినలేదు. మళ్ళీ ఆ గోదాలో దిగాలి, నాన్న చేత వీపు తుడిపించుకోవాలి. ఆ తరవాత అది ఎన్ని బెల్టులు నడుముకి కట్టుకున్నా, దానికి కావలసింది అదొక్కటే అని నాకు తెలుసు.

దాని పక్కటెముక చిట్లిందని కబురొస్తే, కంపెనీవాళ్ళు శిక్షణ ఇచ్చే చోటికి వెళ్ళి ఎనిమిది రోజులున్నాను. అక్కడ మొదట నేర్పేది పడటం. గోదాలో మెలితిరిగి పడాలి, వీపు మట్టికి అంటితే ఓటమి. ఇక్కడ అంతా తలకిందులు. గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు తగిలే లోపల రెండు అరచేతులతో బల్లను చరచాలి, అప్పుడు మెడ విరగదు. బల్ల అంటే ఇనుప చట్రం మీద చెక్క, దాని మీద దుప్పటంత మందం స్పాంజి. చిట్లిన పక్కటెముకకు పట్టీ చుట్టుకునే చెల్లి పూటకు వందసార్లు పడేది. రొమ్ము మీద ఒకరినొకరు అరచేత్తో కొట్టుకునేవారు. అందులో నాటకం లేదు, చర్మం కింద నెత్తురు గడ్డకట్టి వంకాయ రంగుకు తిరిగేది. రాత్రి నేను మందు రాస్తుంటే "నెమ్మదప్పా" అని ఈ అక్కని బతిమాలేది, జాతీయ పతకం తెచ్చిన మనిషి.

దానికి పడటం నేర్పింది హర్యానా అమ్మాయి. మనిషి తలుపంత వెడల్పు. ఇద్దరిదీ ఒకటే గది. పొద్దున్నే మాకు రొట్టెలు కాల్చి పెట్టేది, నేను తెలుగులో తిట్టినా హిందీలో నవ్వేది. మీరంతా దుర్మార్గురాలు అంటున్నది ఆమెనే.

మొదటి రెండేళ్ళూ చెల్లి ప్రతి ఆటలోనూ ఓడిపోయింది. అలా రాశారు. ఓడిపోతూనే పైకొచ్చింది. ఎవరు కొట్టినా చచ్చేట్టు కొట్టారనిపించేలా పడేది కాబట్టి, పేరున్న ఆటగత్తెలంతా దాన్నే కొడతామని అడిగేవారు. గెలిచి పైకొచ్చింది అనేవాళ్ళు ఆ రెండేళ్ళు చూడలేదు. నేను చూశాను.

తరవాత విజయనగరంలో ఆట పెట్టారు. సొంత ఊరి పక్కన కాబట్టి మొదటిసారి గెలవమని రాశారు. ఆ పొద్దున్న మా వంటింట్లో కూర్చుని నాకంతా చెప్పింది. హర్యానా అమ్మాయి కుర్చీతో కొడుతుంది, ఇది నెత్తురు కారుస్తుంది, తరవాత ఆమెను ఎత్తేసి గెలుస్తుంది. గెలిచాక జనం వైపు తిరిగి చేతులెత్తితే, ఆమె వెనక నుంచి వీపు మీద మళ్ళీ కుర్చీ వేస్తుంది. మిగతా పగ తరవాతి ఊళ్ళో.

"అప్పా, నీ సెయ్యి వనకదు. ఇది కోసి పెట్టు."

"ఏటిది?"

"బ్లేడు ముక్క. గోరంత సాలు. మనికట్టు పట్టీ కింద దాసుకుంతాను. కుర్చీ దెబ్బ తగిలినాక నుదురు మీద నానే గీసుకుంతాను."

"సిగ్గు లేదేటే? నాను డిగ్రీ సదివింది నీ నుదురు కోయడానికేటి?"

"నువ్వు కొయ్యకపోతే ఆ పిల్ల కోస్తాది. దాని సెయ్యి మొద్దు. రగతం రాకపోతే జనానికి దెబ్బ కనబడదప్పా."

కోశాను. మొన మాత్రం బయట ఉండేలా టేపు చుట్టి ఇచ్చాను. నాన్న వస్తాడా అని అడిగింది. రాడన్నాను.

నేను రెండో వరసలో కూర్చున్నాను. కుర్చీ వెడల్పుగా వీపు మీద పడితే డబ్బా మోగినట్టు మోగుతుంది, మంట పుడుతుంది, ఎముకకేమీ కాదు. ఆ లెక్క నాకు అప్పటికే తెలుసు. మూడో దెబ్బకు చెల్లి ముడుచుకుని పడి, చెయ్యి నుదురు మీదికి తెచ్చుకుంది. నేను వదిలిన మొన పొడవైందో, అదే గట్టిగా నొక్కిందో, లేచేసరికి ముఖం కనబడలేదు. కళ్ళలోకి, నోట్లోకి, మెడ మీదికి ధారగా కారుతోంది. పక్కన చంటిబిడ్డతో ఉన్నావిడ కుర్చీ మీద నిలబడి, "సంపేయే దాన్ని, సంపేయే" అంటోంది. గేటు దగ్గర తువ్వాలు తల మీదుగా కప్పుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ తువ్వాలు నేను కొన్నదే.

చెల్లి ఆమె నడుం పట్టి, నాన్న నేర్పిన పట్టుతో తుంటి మీదుగా తిప్పి వేసింది. బల్ల అదిరింది. రిఫరీ మూడు లెక్కపెట్టాడు. ఇక మా చెల్లి తిరిగి చేతులెత్తాలి. హర్యానా అమ్మాయి కుర్చీ అందుకోవడానికి బోర్లా తిరిగింది. నెత్తురు నిండిన కళ్ళకు ఏం కనబడిందంటే, పడి ఉన్న మనిషి, ఒక వీపు. మా చెల్లి వంగి అరచేత్తో తుడిచింది. ఒకసారి, రెండోసారి.

జాలి కాదండీ అది. నాలుగేళ్ళ వయసు నుంచి చేతికి పట్టిన అలవాటు. కాగితంలో లేని చెయ్యి వీపు మీద పడేసరికి ఆ అమ్మాయి బెదిరిపోయింది, ఏదో తప్పింది, నిజంగా కొడుతోంది అనుకుంది. మోకాళ్ళ మీంచే కుర్చీ విసురుగా తిప్పింది. వెడల్పు వైపు కాదు, అంచు. మెడ కింది ఎముక కొబ్బరిచిప్ప పగిలినట్టు విరిగింది. అంత గోలలో ఎలా వినబడిందంటారు. మీకు వినబడదు.

తరవాతిది ఎవరూ రాసింది కాదు. కుడి చెయ్యి వేలాడుతుంటే ఎడమ పిడికిలితో కొట్టింది, మూతి మీద, ముక్కు మీద, మళ్ళీ మూతి మీద. పన్ను ఊడి వచ్చి దాని పిడికిలిలో దిగింది. హర్యానా అమ్మాయి మొదట చేతులు అడ్డం పెట్టింది, తరవాత గోళ్ళతో నుదుటి గాయాన్ని పట్టి చీల్చింది. ముగ్గురు మగాళ్ళు లాగితే విడివడ్డారు. మైదానమంతా లేచి నిలబడింది. ఆపమన్నవాళ్ళు లేరు. కొట్టవే అని అరిచిన గొంతుల్లో నాదీ ఒకటి. ఇది షాపులో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆసుపత్రిలో హర్యానా అమ్మాయి వాచిన మూతితో వచ్చి, చెల్లి పాదాలు పట్టుకు కూర్చుని ఏడ్చింది. నా వీపు మీద చెయ్యెందుకు వేశావని హిందీలో అడిగింది. మట్టి తుడిచానంది మా చెల్లి. అక్కడ మట్టెక్కడిదని అడిగింది ఆ అమ్మాయి. మా చెల్లి నా ముఖం చూసింది.

వీడియో ఊరూరా తిరిగింది. ఎముకకు ఇనుప పట్టీ వేసి, అది అతికే లోపలే కంపెనీవాళ్ళు ఆ తుడుపును ఆటలో భాగం చేసేశారు. ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ గెలిచాక పాట ఆగుతుంది, ఒక్క లైటే మిగులుతుంది, మా చెల్లి వంగి తుడుస్తుంది, వెనక నుంచి ఎవరో కొడతారు. జనం ఏడుస్తారు. ఛాంపియన్ బెల్టు అలా వచ్చింది. ఆటో స్టాండు దగ్గర దాని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, చెయ్యి చాచి తుడుస్తున్న బొమ్మతో. నాన్న మిల్లు వైపు వెళ్ళే దారి మార్చుకున్నాడు.

బెల్టు పట్టుకుని అది ఇంటికి వచ్చింది. నాన్న బెల్టు చూడలేదు.

"ఓడినోల ఈపు తుడిస్తే ఇంక కొట్టుకోడం అయిపోయినట్టు. నువ్వు తుడిసి, తన్నించుకుని, మళ్ళీ తంతన్నావు. అదేటి తుడుపే? ఎవుల్నడిగి ఎత్తికెల్లినావు?"

"నా ఈపు ఎవులు తుడిసినారు నాన్నా? ఎల్లిన రోజు పడేసి గట్టెక్కిపోనావు. మన కుస్తీ ఇంకా అవ్వలేదు. దిగు."

కట్టుబాటు ఆయనదే. కాదనడానికి వీల్లేదు. అరవై ఆరేళ్ళ మనిషి, నా షాపు బిళ్ళలు లేకపోతే మెట్లెక్కలేనివాడు, చొక్కా విప్పి గోదాలో దిగాడు. వద్దని ఇద్దరినీ తిట్టాను. "నోరు ముయ్యప్పా" అంది అది. "నోరు ముయ్యే" అన్నాడు ఆయన. ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మాట కలిసింది అక్కడే.

ఆయన ముసలివాడిలా పోట్లాడలేదు. ముంజేత్తో మెడ మీద కొట్టాడు, చెవి పట్టి లాగాడు. తల దించి నేరుగా ఆ ఇనుప పట్టీ ఉన్న ఎముక మీద గుద్దాడు. చెల్లి గొంతులోంచి నేనెప్పుడూ వినని శబ్దం వచ్చింది. దాని మోచేయి తగిలి నాన్న ముక్కు పగిలింది, నెత్తురు గడ్డం మీంచి మట్టిలో పడుతోంది. నేను గట్టు మీంచి, "స్క్రూలు ఊడిపోతాయి, వదులు" అంటున్నాను. ఇద్దరికీ వినబడటం లేదు. ఆయన నడుం పట్టాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి, నా కళ్ళతో చూశాను. తుంటి మీదుగా తిప్పాడు. అది గాల్లోకి లేచి, వెల్లకిలా పడింది.

మెలితిరగలేదు, గడ్డం రొమ్ముకు ఆనించి పడింది. వీపు మట్టికి తగిలే లోపల దాని రెండు అరచేతులూ నేలను చరిచాయి.

అది బోర్లా తిరిగింది. నాన్న రొప్పుతూనే వంగి దాని వీపు మీద మట్టి తుడిచాడు. అంత తీరిగ్గా ఆయన ఎవరి వీపూ తుడవగా నేను చూడలేదు. వీపు శుభ్రమైపోయాక కూడా చెయ్యి తీయలేదు. చెల్లి మట్టిలో ముఖం పెట్టుకుని అలాగే పడుకుంది.

తరవాత దాన్ని అడిగాను. "నాన్నే పడేసినాడప్పా. నువ్వు సూడనేదేటి?" అంది, నా కళ్ళలోకి చూడకుండా. ఆయన్ని అడిగితే, "మోకాలి బిళ్ళలయిపోనాయి, ఇంకో అట్ట అంపించు" అన్నాడు.

అట్ట పంపించాను. కానీ నాన్నా, ఆ సాయంత్రం గేటు దగ్గర తువ్వాలు కప్పుకుని నిలబడి, అది ఎలా పడుతుందో మొదటి నుంచి చివరిదాకా చూసినవాడివి. నీ మట్టి మీద ఆ రెండు చేతులు చరిచిన చప్పుడు నీకు వినబడిందా, లేదా?