పసుపు పూసిన కాగితం

మా అత్తకూ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆమె ఒకటంటే నేను రెండనేదాన్ని. మా ఆయన యుద్ధానికి వెళ్ళిపోయాక మధ్యలో సర్దిచెప్పే మనిషి కూడా లేకపోయాడు. ఉద్దానం మగవాళ్ళు అప్పట్లో బతుకుతెరువుకి బర్మాలోని రంగం వెళ్ళేవారు. ఈయన మాత్రం పటాలంలో కంచరగాడిదలు తోలే పనికి ఓడెక్కాడు. బస్రా అవతల ఎక్కడో వాళ్ళ దండును టర్కీ వాళ్ళు చుట్టుముట్టి పట్టుకున్నారని పలాస వెళ్ళినవాళ్ళు విని వచ్చారు. ఆ తరువాత కబురు లేదు.

వెళ్ళేముందు ఆయన నాకు చదువు నేర్పాడు. సముద్రం ఒడ్డున తడి ఇసక మీద కొబ్బరి ఈనెతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. అల వచ్చి చెరిపేస్తే మళ్ళీ రాసేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకేం?

మావైపు ఉత్తరం చదవకముందే సంగతి తెలిసిపోయేది. శుభవార్త అయితే నాలుగు మూలలా పసుపు పూస్తారు. చావు కబురైతే మూలకు నలుపు పూస్తారు. నలుపు పూసినదాన్ని గడప దాటనివ్వరు. వాకిట్లోనే చదివి, చింపి పారేసి, తలమీద నీళ్ళు పోసుకుంటారు.

ఒక మధ్యాహ్నం నేను దొడ్లో కొబ్బరి పీచు తడుపుతుంటే వాకిట్లోంచి అత్త ఏడుపు వినిపించింది. పరుగెత్తాను. టపా మనిషి అరుగు మీద కార్డు పెట్టి దూరంగా నిలబడ్డాడు. దాని మూలనా, మధ్యలో రెండు వరుసల మీదా నల్ల సిరా పులిమి ఉంది.

"నాను సదవనమ్మా. నలుపు సూత్తన్నారు కదా," అన్నాడు.

అత్త మట్టిలో కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. ఒకావిడ నీళ్ళకుండ తెచ్చింది. ఇంకొకావిడ నా చేతుల వంక చూసి, "పదోనాడు ఈ గుంట గాజులు తీసీయాల," అంది. నా ఒళ్ళు మండిపోయింది.

"సదవకుండానే సంపీసినారేటి నా మొగుడ్ని?" అని అరిచి, అరుగు మీది కార్డు లాక్కున్నాను.

"ముట్టుకోకే, మైల!" అంది అత్త.

"అయితే అవనీ!"

అక్షరాలు ఆయనవే. ఇసకలో రాసినట్టే పెద్దపెద్దగా ఉన్నాయి. కూడబలుక్కుంటూ పైకి చదివాను. ఖైదులో ఉన్నాడు. ప్రాణంతో ఉన్నాడు. రోజూ ఎండు రొట్టెలేనట, కొబ్బరి వేసిన పులుసు కలలోకి వస్తోందట. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగాడు. అప్పుడు తట్టింది టపా మనిషికి, యుద్ధం ఉత్తరాల్లో తమకు నచ్చని మాటలను దొరలు సిరాతో చెరిపేస్తారని.

"ఆ ముక్క ముందే సెప్పలేవేట్రా, సచ్చినోడా!" అని అత్త అతన్ని తిట్టి, ఆ నోటితోనే కూర్చోమని బెల్లంముక్క తెచ్చి పెట్టింది.

ఆ సాయంత్రం ఆమె కార్డు ఒళ్ళో పెట్టుకుని, "ఈ నలుపు కింద ఏటి రాసినాడే?" అని అడిగింది.

"నీ మీద సాడీలు. నన్ను సరిగ్గా సూడమని రాసుంతాడు."

"అలగైతే దొరలు మంచి పనే సేసినారు," అంది. ఇద్దరం నవ్వాం. ఆమెతో కలిసి నవ్వడం నాకు అదే మొదలు.

నేను జవాబు రాస్తే అత్త దాని మూలలకు తన చేత్తో పసుపు పూసింది. అప్పుడొకటీ ఇప్పుడొకటీ కార్డులు వచ్చేవి. ప్రతిదాని మీదా నలుపు ఉండేది. నలుపు ఉంటేనే కొడుకు రాసినట్టని అత్త ఊరంతా చెప్పుకునేది.

తరువాత చాలాకాలం ఏదీ రాలేదు. చివరికి ఒక కవరు వచ్చింది. లోపల దళసరి తెల్లకాగితం, దాని మీద ముద్ర, అంతా ఇంగ్లీషు. ఎక్కడా చుక్క మచ్చ లేదు.

"సూడే, నలుపన్నదే నేదు! ఇడిసీసినారు గావాల," అంది అత్త. పసుపు తడిపి నాలుగు మూలలా పూసి దేవుడి గూట్లో పెట్టింది. నాకు సంతోషంతో అన్నం సయించలేదు. మర్నాడు కాగితం చదివించుకోవడానికి బండి కట్టించుకుని పలాస వెళ్ళాం. ముందు బజారులో ఆగి, అత్త నాకు ఆకుపచ్చ గాజులు వేయించింది.

స్టేషనులో గుమాస్తా ఒకాయనకు ఇంగ్లీషు వచ్చు. కాగితం విప్పి చదివి, మూలల వంక చూశాడు.

"ఈ పసుపు ఎవరు పూశారమ్మా?"

"నానే బాబూ. ఎప్పుడొత్తాడు మా వోడు?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఖైదులోనే జ్వరం వచ్చి పోయాడని చెప్పాడు. అత్త మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. ఇద్దరం బండి దాకా ఎలా నడిచామో నాకు గుర్తులేదు.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. ఆ రోజు నా గాజులు తీసేయాలన్న ఆవిడే నీళ్ళకుండతో వచ్చింది. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నల్ల కాయితం వొత్తే సచ్చిపోయాడన్నారు. బతికే ఉన్నాడు. ఇది నాను పసుపు రాసిన కాయితం. నా కోడలి గాజుల మీద ఎవులైనా సెయ్యేసినారో, ఆ సెయ్యి ఇరిసీగల్ను!"

కొడుకు బతికున్నాడని ఆమె నిజంగానే నమ్మిందా, నా కోసం నమ్మినట్టు నటించిందా, నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నమ్మలేదు. దొడ్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చేదాన్ని, కళ్ళు తుడుచుకుని ఆమె ముందు గాజులు గలగలలాడించుకుంటూ తిరిగేదాన్ని. పదోనాడు గడిచింది. ఏళ్ళు గడిచాయి. ఒక గాజు చిట్లితే అత్త ఇంకోటి తెప్పించి తనే తొడిగేది. దెబ్బలాటలు మాత్రం మానలేదు.

అత్త పోయిన పదోనాడు గాజులు నేనే తీసేశాను. పగలగొట్టలేదు. అత్త పసుపు బరిణె కడిగి అందులో పెట్టాను.