శివప్ప చేలో లేచిన టెంకాయ

కుందుర్పి పక్క పల్లెల్లో శివప్పను ఎరగనివాళ్ళు తక్కువ. బోరుబండి ఎవరి చేలో నిలబడినా ఆ తెల్లదుమ్ములో ముందు కనిపించేది ఆయనే. వయసులో ఉండగా తన చేనంతా తూట్లు పొడిపించాడు. వాటిలో ఒక్కటే నీళ్ళిచ్చింది. నీళ్ళతోపాటు ఊరికంతటికీ సరిపోయే గర్వం కూడా ఇచ్చింది. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరి నారు వాడినా, "పట్టుకపోప్పా, నా బోరు ఉండాది గదా" అనేవాడు. ఇవ్వడంలో ఆయనకున్న రుచి అన్నంలో కూడా లేదని భార్య తిప్పమ్మ సణిగేది.

ఊళ్ళో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండుతుంటే పక్కపక్క చేల రైతులు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఉన్న బోర్లన్నీ ఒకే పైపులైనుకు కలపాలి. కొత్త బోరు ఎవరూ వేయకూడదు. వాన మొహం చాటేస్తే, చేను వాడినవాడు నోరు తెరిచి అడగాలి. అడిగినవాడికి ఒక తడి ఇవ్వాలి. ఆ అడగాలన్న షరతు పెట్టించింది శివప్పే. "అడగందే అమ్మయినా పెట్టదు, మనమెంతప్పా!" అని అందరినీ నవ్వించాడు కూడా. అడిగేవాళ్ళలో తనూ ఒకడవుతాడని ఆయనకు తోచలేదు.

ఒప్పందమైన మూడో ఏడు, కలిపిన బోర్లలో ముందు చేతులెత్తేసింది ఆయన బోరే.

ఆ ఏడు వేరుశనగ బాగా మొలిచింది. సరిగ్గా కాయ కట్టే ఊడలు నేలలోకి దిగేవేళకు వాన పోయింది. మధ్యాహ్నానికే ఆకులు ముడుచుకుంటున్నాయి. ఒక్క తడి పడితే కాయ, లేకుంటే పశువులకు మేత. అడిగితే నీళ్ళొస్తాయి. శివప్పకు నోరు రాలేదు.

"అడగరాదా?" అంది తిప్పమ్మ.

"ఎవుర్ని అడిగేది? నా కాడ బిందెలు నింపకపోయినోళ్ళనా?"

"వాళ్ళు అడిగినప్పుడు వాళ్ళ నోరేమన్నా పడిపోయిందా?"

శివప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన చేలో ఉన్నాడు. పక్కన సుంకప్ప. టెంకాయతో నీళ్ళు చూస్తాడని సుంకప్పకు పేరు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కింద నీళ్ళున్నచోట అది లేచి నిలబడుతుంది. తర్వాతి సంగతి బోరుబండీ, దేవుడూ చూసుకోవాలి. మరి ఒప్పందం మాటేమిటని శివప్ప మనసు అడక్కపోలేదు. "వేసేది కాదులే, చూసేదే గదా" అని దాన్ని ఊరుకోబెట్టాడు.

గట్టు దగ్గరికి రాగానే టెంకాయ చటుక్కున లేచింది.

"పడింది శివప్పన్నా! గంగమ్మ ఈడే ఉండాది! కాలు పెట్టి చూడు, ఎంత చల్లగుండాదో!"

నిజంగానే మన్ను తడిగా ఉంది. అంత బెట్టలో తడిమన్ను! శివప్ప వంగి పిడికెడు తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశాడు.

"ఏం మామా, పొద్దన్నే మన్ను తింటాండావా?"

గట్టు మీద చౌడేశ్వరి నిలబడి ఉంది. పక్క చేను ఆమెదే. ఆ నెల పైపులైను వాల్వులు తిప్పే వంతూ ఆమెదే.

శివప్ప గబుక్కున టెంకాయ లాక్కుని తువ్వాల్లో చుట్టాడు. "గుడికి పోతాండా మే!"

"గుడి ఆపక్క గదా మామా? సుంకప్పన్న ఎప్పుడు పూజారి అయినాడు?"

సుంకప్పకు అబద్ధం చేతకాదు. "నీళ్ళు పడినాయమ్మా, రెండించుల నీళ్ళు!" అన్నాడు.

చౌడేశ్వరి దిగి వచ్చి తడిని చూసింది. పార తీసుకుని తవ్వింది. మూరెడు లోతున ఉమ్మడి పైపులైను, దాని అతుకు దగ్గర సన్నగా కారుతున్న నీళ్ళు.

"నీ టెంకాయ అబద్ధం చెప్పలేదన్నా," అంది సుంకప్పతో. "కాకపోతే ఇవి నా బోరు నీళ్ళు. యాడ కారతాండాయో అని నేను రెండు దినాల్నుంచి ఎతుకుతాండా."

తర్వాత ఆమె నవ్విన నవ్వుకు పొదల్లోంచి కౌజుపిట్టలు లేచిపోయాయి. శివప్పకు వాటితో పోవాలనిపించింది.

"ఊర్లో చెప్తావా మే?"

"చెప్పకుండా ఎట్లుంటా మామా? ఇంత మంచి ముచ్చట మళ్ళా దొరుకుతాదా?"

అతుకు బిగించి, చేతులు కడుక్కుని, ఆమె లేచింది. "సాయంత్రం వాల్వు ఎవురి పక్క తిప్పేదో తెలీదు. ఇంకా ఎవురూ అడగలేదు" అని, పోకుండా నిలబడింది.

శివప్ప సుంకప్పను చూశాడు. ఆకాశాన్ని చూశాడు. చివరికి ముడుచుకున్న ఆకుల్ని చూశాడు.

"నా చేనుకు ఒక తడి ఇడు మే," అన్నాడు నేలకేసి.

"ఇడుస్తా. మా కొట్టంలో తుంపర పైపులు ఉండాయి, ఎత్తకరాపో."

సాయంత్రం నలుగురొచ్చి పైపులు మోశారు. ప్రతివాడూ టెంకాయ మాట ఒకటి అనకుండా దించలేదు. శివప్ప అన్నీ విన్నాడు. తుంపరలు తిరగడం మొదలయ్యాక చేనంతా ఒక చుట్టు తిరిగొచ్చి, పంచె ఎగ్గట్టుకుని కేకేశాడు.

"ఆ మూలకు అందలేదప్పా! ఇంకొంచెం జరపండి!"