ఆదివారం వెలిగే కొలిమి

2016. క్రైస్ట్‌చర్చ్‌లోని రిక్కార్టన్‌లో ఒక చిన్న గది, ఒక వ్యాను, నేను. అదే మా టూర్ కంపెనీ. మా నాన్నది జగిత్యాలలో గిన్నెల కొట్టు. చిన్నప్పుడు నాకు ఉగ్గుతోపాటు బేరమూ పోశారు. న్యూజీలాండ్‌లో బేరాలు చెల్లవంటే, అడగడం చేతకానివాళ్ళ మాట అనుకునేవాణ్ణి.

ఒకరోజు స్వరూప అనే నర్సు వచ్చింది. "అన్నా, మా బాపు వచ్చి మూడు నెలలాయె. కొండలు చూపిస్తే ఆవులిస్తడు, సముద్రం చూపిస్తే పండుకుంటడు. పాత ఇనుము ఊరొకటి ఉన్నదట గదా, గదొక్కటే అడిగిండు. వచ్చే శుక్రవారమే ఫ్లైట్."

ఆమె తండ్రి రాజయ్య నలభై ఏళ్ళు కమ్మరి పని చేసిన మనిషి. ఆయన అడిగిన ఊరు మాకు మూడు గంటల దూరం. ఒకప్పుడు ఇనుము తీసిన కొలిమిని, పనివాళ్ళ ఇళ్ళను అక్కడివాళ్ళు అలాగే కాపాడుకుంటున్నారు. ఫోన్ చేస్తే అక్కడి పెద్దాయన, "ఆదివారం రండి, ఆ రోజే కొలిమి వెలిగిస్తాం" అన్నాడు. ఆదివారం నా వ్యానుకు వేరే గిరాకీ ఉంది. అరగంట సాగదీసి, బుధవారానికి ఆఫ్-పీక్ రేటు, అంటే జనం రాని రోజుకు తగ్గించే ధర, సాధించాను. జనం ఎందుకు రారో నాకు తెలుసు. స్వరూపకు ధర చెప్పాను, కారణం చెప్పలేదు.

బుధవారం రాజయ్య కూతురితోపాటు, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆ ఊరు చేరగానే కొలిమిలోకి వంగి బూడిద ముట్టుకున్నాడు.

"నిప్పెప్పుడు రాజేస్తరు బిడ్డా?"

"ఇవాళ ఏదో రిపేరట కాకా" అన్నాను. నా నోటికి ఆలోచనతో పనిలేదు.

రిపేరు ఎన్ని రోజులని స్వరూప, మాకు కొలిమి చూపిస్తున్న ఆ ఫోన్ పెద్దాయనను ఇంగ్లీషులో అడిగింది. ఆయన అయోమయంగా నా వైపు చూశాడు. "రిపేరేమీ లేదే. ఆదివారం రమ్మని ఈయనకు ఫోన్‌లోనే చెప్పాను."

"ఏమంటుండు?" అన్నాడు రాజయ్య.

స్వరూప నన్ను ఒక్కసారి చూసింది. "ఏం లేదు బాపూ. రిపేరేనట."

తిట్టినా బాగుండేది. నా అబద్ధాన్ని ఆమె చేత కూడా చెప్పించాను.

పెద్దాయనను పక్కకు పిలిచి, ఇప్పుడే వెలిగిస్తే ఎంతైనా ఇస్తానన్నాను. పుట్టి బుద్ధెరిగాక ధర పెంచి బేరమాడింది అదే మొదటిసారి. "రాజుకోవడానికే ఒక పూటంతా పడుతుంది, నలుగురు మనుషులు కావాలి" అన్నాడాయన. కానీ రాజయ్య చేతులు చూసి, కొలిమికి గాలి ఊదే తిత్తి తాడు ఆయనకు అందించాడు.

రాజయ్య తాడు లాగాడు. తిత్తి బుస్సుమంది. బూడిద లేచింది. నిప్పురవ్వలు ఎగిరినట్టే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. అలా చాలాసేపు ఊదాడు.

వ్యాను దిగేటప్పుడు నా భుజం తట్టాడు. "రిపేరు మంచిగ చెయ్యమను బిడ్డా. మళ్ళొచ్చేటోళ్ళకన్న నిప్పు కనవడాలె."

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఏం చూడాలని ఉందో అడుగుతాను. ఏ రోజు ఏది ఉండదో చెప్పాకే రేటు మాట. నిజం రాజయ్యకు చెప్పడానికి, శుక్రవారం ఆయన ఫ్లైటెక్కేలోపు గురువారం మొత్తం ఉండింది. నేను వెళ్ళలేదు.