శుభమా అని ఆ మాటేంటండీ

మా ఆయన తణుకు దగ్గర చక్కెర మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నంతకాలం మందులూ డాక్టర్లూ మిల్లు వాళ్ళే చూసుకున్నారు. దిగిపోయాక మా ముసలితనానికి మిగిలింది బ్యాంకులో వేసిన డిపాజిట్టు ఒక్కటే. దాని వడ్డీతోనే ఇల్లు గడవాలి. ఏ ఆస్పత్రి పాలో అయితే అది కరిగిపోతుందని భయపడి ఆరోగ్యానికి పాలసీ కడదామనుకున్నాం. మా వీధిలోనే ఒకతను ఆ పాలసీలు కట్టిస్తాడు. కాగితాలు పట్టుకొచ్చాడు.

ఆ రోజు దశమి. వర్జ్యం వెళ్ళాకే సంతకం అని పట్టుబట్టింది నేనే. కాగితానికి నాలుగు మూలలా పసుపు కూడా రాశాను. అతను నేను పెట్టిన సున్నుండ తిని, నేతి వేళ్ళు ఆ కాగితం అంచుకే తుడుచుకుంటూ అడిగాడు.

“బాబాయిగారికి బీపీ, షుగరు లాంటివేమన్నా ఉన్నాయాండి?”

“షుగరుంది. ఎనిమిదేళ్ళ నుంచి మాత్రలు...”

“శుభమా అని సంతకం పెడుతూ ఆ మాటేంటండీ,” అని ఆయన్ని కసిరాను.

మా ఇళ్ళలో అంతే. డబ్బాలో బియ్యం అయిపోయినా లేవని అనం, నిండుకున్నాయంటాం. అలాంటిది మంచి ఘడియలో రోగం పేరు ఎత్తనిస్తానా?

“పిన్నిగారు చెప్పింది నిజమేనండి. నేను చూసుకుంటాను కదా,” అని అతను అన్నిచోట్లా ‘లేదు’ అని రాసేసి, ఇంకో సున్నుండ తీసుకున్నాడు.

ఏడాది తిరక్కుండా ఆయన కాలికి చెప్పు కరిచింది. షుగరు వల్ల అది మానక పుండైంది. కట్టు విప్పితే గదంతా కంపు. రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ పాలసీలు చూసే అమ్మాయి, “డబ్బులు రావండి. షుగరు లేదని రాసి సంతకం పెట్టారు,” అని కంప్యూటర్లో మా కాగితం చూపించింది. మూలల్లో నా పసుపు, అంచున వాడి నేతి మరక. పుండు కంపుకి కూడా ముక్కు మూసుకోని నేను, ఆ మరక చూసి మొహం తిప్పేసుకున్నాను.

వాడికి ఫోన్ చేశాను. “మీరే కదండి పిన్నిగారూ, ఆ మాట ఎత్తొద్దన్నారు,” అన్నాడు. అన్నాను. వాడి మీద రోత సగమే, మిగతా సగం నా నోటి మీద.

ఆయన కాలివేళ్ళు రెండు తీసేశారు. ఇంటికొచ్చాక ఆయన బ్యాంకు పుస్తకం తెరిచి చూసి, “డిపాజిట్టు నిండుకుందే,” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడాయన ఒక షాపులో, కుర్చీ వేయించుకుని, బిల్లులు రాస్తున్నారు.

మొన్న శ్రావణ శుక్రవారం నేను గడపకు పసుపు రాస్తుంటే వాడు మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

“కొత్త పాలసీ వచ్చిందండి పిన్నిగారూ. ముందు కాస్త కాఫీ ఉందాండి?”

“లేదు,” అన్నాను.

పండగ పూట, గడప దగ్గర, ఆ మాటే అన్నాను.