పొట్టు ఇటుక, వదిన చెయ్యి

మాట్లాడటం మొదలుపెడితే నాకు ఆగటం రాదు. మా నాయిన ఈ సంగతి నా చిన్నప్పుడే కనిపెట్టి, పంతులమ్మ ఉద్యోగం తప్ప ఇంకేదీ నాకు పనికిరాదని తేల్చేశాడు. అలా జహీరాబాద్‌లో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్నయ్యాను. మా చెరుకు తోట కోహీర్ వైపు. అక్కడే గానుగ, బెల్లం వండే పెద్ద కడాయి, దాని కింద పొయ్యి. తోట అన్న పేరున ఉన్నా, కడాయి దగ్గర పెత్తనమంతా వదినదే.

వదినది బీదర్ వైపు ఊరు. పాకాన్ని ఎప్పుడు దించాలో ఆమె కుడిచేతి వేళ్లు చెప్పేవి. చన్నీళ్ల గిన్నెలో కాస్త పాకం వేసి, తీసి వేళ్ల మధ్య నలిపేది. నచ్చితే "దించుర్రి" అనేది, అంతే. కొంచెం ముందు దించితే బెల్లం గట్టిపడదు, కొంచెం ఆలస్యమైతే మాడిపోతుంది. పక్క తోటలవాళ్లు కూడా కబురుపెట్టి ఆమెను పిలిపించుకునేవారు. కబురొచ్చిన రోజు వదిన కొప్పు చుట్టుకునే తీరే వేరుగా ఉండేది.

1981లో అమెరికా వాళ్లు అంతరిక్షంలోకి వెళ్లి విమానంలా దిగే వాహనాన్ని మొదటిసారి పైకి పంపారు. ఆ చలికాలం మొదట్లో అదే వాహనం రెండోసారి కూడా వెళ్లొచ్చింది. మా స్టాఫ్ రూములో ఎవరికీ పట్టలేదు గానీ, నాకు మాత్రం దాని మీదే ధ్యాస. పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా చదివాను. అది దిగేటప్పుడు ఎంత వేగంగా వస్తుందంటే, ఎదురుగా ఉన్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి కూడా ఉండదు. ఆ గాలి అక్కడే నలిగి, నిప్పులా కాగిపోతుంది. అంతకుముందు మనుషుల్ని దింపిన గూడులాంటి నౌకలకు పైన ఒక పూత ఉండేది. అది కాలి రాలిపోతూ వేడిని తనతో తీసుకుపోయేది. పూత పోయాక గూడు మళ్లీ పనికొచ్చేది కాదు. దీనికి అలా కాదు. ఇసుకను కరిగించి తీసిన సన్నని పోగులతో చేసిన తేలికపాటి పలకలు ఒళ్లంతా అంటించారు. పలకలో పదార్థం తక్కువ, గాలి ఎక్కువ. పైభాగం ఎర్రగా కాలి, వేడిలో ఎక్కువ భాగాన్ని బయటికే వెదజల్లుతుంది. మిగిలింది లోపలికి దిగాలంటే చాలాసేపు పడుతుంది.

ఇది చదివిన రోజే నాకు మా పొయ్యి గుర్తొచ్చింది. దాని గోడకు వదిన మట్టిలో జొన్న పొట్టు కలిపి మెత్తేది. మంటకు పొట్టు కాలిపోయి, మట్టిలో సన్నని తొర్రలు మిగిలేవి. లోపల అంత మంట ఉన్నా గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. స్కూల్లో సైన్సు ప్రదర్శన ఉందని, అదే మట్టితో ఒక ఇటుక చేసిపెట్టమని వదినను అడిగాను. పొట్టు ఇంకా ఎక్కువ కలిపి, కాల్చి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఇంట్లో దాన్ని నా చేతి మీదే పెట్టుకుని, పైన నిప్పులు పోయించి చూశాను. ఒక పద్యం చెప్పినంతసేపు చల్లగానే ఉంది. అంతటితో తీసేశాను. పరీక్ష అయిపోయిందనుకున్నాను.

ప్రదర్శన రోజు వదిన కొత్త చీర కట్టుకుని నాతోపాటు బస్సులో వచ్చింది. ఇటుకను పిల్లల చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు. నేను పట్టుకుందామంటే పటకారు ఎవరు పట్టాలి, బోర్డు మీద బొమ్మ ఎవరు గీయాలి?

"నేను వట్టుకుంట తియ్యి చెల్లె, గీ ఇటుక నేను జేసిందే గద" అంది వదిన.

కుడి అరచేయి చాపింది. ఇటుక పెట్టి, పైన నిప్పులు పరిచాను. తనిఖీకి వచ్చిన పెద్దసారు ముందుకు వంగి, "కాలుతలేదామ్మా?" అని అడిగాడు.

"సల్లగుంది సారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్కడ ఆపాల్సింది. పెద్దసారు ఇంకో ప్రశ్న వేశాడు. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. బోర్డు వైపు తిరిగి గాలి గీశాను, వాహనం గీశాను, పాత పూత గురించి, కొత్త పలకల గురించి చెప్పుకుంటూపోయాను. నేను ముగించాక వదిన ఇటుకను బల్ల మీద నెమ్మదిగా దించింది. చెయ్యి కొంగులో పెట్టుకుంది. పెద్దసారు నన్ను మెచ్చుకుంటుంటే నేను వదిన వైపు చూడనే లేదు.

తిరుగు బస్సులో ఆమె ఎడమచేత్తో కడ్డీ పట్టుకుంటే అనుమానమొచ్చి కొంగు తీశాను. అరచేయి, వేళ్లు బొబ్బలెక్కిపోయి ఉన్నాయి.

"ఫికర్ జెయ్యకు, తగ్గుతది" అంది. ఆ బస్సు దిగకుండానే చచ్చిపోవాలనిపించింది నాకు. దవాఖానకు తీసుకుపోయాను, కట్టు కట్టించాను. పుండు మానింది గానీ వేళ్ల మీద చర్మం మందంగా, బిరుసుగా తయారైంది.

మరుసటి ఏడు బెల్లం కాలానికి వదిన మళ్లీ కడాయి దగ్గర నిలబడింది. పాకం నలిపింది, ఇంకోసారి నలిపింది. "దించుర్రి" అనేసరికి పాకం మాడింది. ఎడమచేత్తో ప్రయత్నించినా లాభం లేకపోయింది. వదినే పక్కకు తప్పుకుని చెరుకు పిప్పి ఎండబోసే పనికి పోయింది. పక్క తోటల నుంచి కబుర్లు ఆగిపోయాయి. నేను ఆదివారాలు తోటకు పోవడం మానేశాను. ఆమె కొప్పు మామూలుగా చుట్టుకోవడం నాకు చూడబుద్ధయ్యేది కాదు.

కొన్నేళ్లకు ఒక పత్రికలో చదివాను. ఆ వాహనం నేల మీద ఆగాక కూడా, పలకల్లో చిక్కిన వేడి నెమ్మదిగా లోపలికి దిగుతూనే ఉంటుందట. అందుకే ఆగీ ఆగగానే గొట్టాలు తగిలించి లోపలికి చల్లగాలి పంపుతారట. నేను చూడనిది అదే. పత్రిక పట్టుకుని తోటకు పోయి వదినకు అంతా చెప్పాను. క్షమాపణ అడగబోయి పాఠం చెప్పాను, నా బుద్ధి అంతే. ఆమె పిప్పి తిరగేయడం ఆపి, నా మాట అయ్యేదాకా విన్నది.

"వేడి దిగినప్పుడు తెలిసే ఉంటది కదా వదినా. ఎందుకు పడేయలేదు?" అని అడిగాను.

"ఎట్ల పడేస్త చెల్లె," అంది వదిన, "నువ్వు చెప్పుడు ఇంక అయిపోలే గద."