మురుగు దొరకని ఊరు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, బస్సు చెడిపోయి నల్లమల అంచున కొండమీది చిన్న ఊళ్లో ఒక పూట ఆగిపోయాను. ఊరి చివర పొడుగాటి సిమెంటు తొట్లు, ఇనుప చక్రాలు, వాటి మీద పెద్ద బోర్డు: మురుగునీటి శుద్ధి కేంద్రం. మా గుంటూరుకే లేని వైభోగం! తీరా తొంగిచూస్తే తొట్టిలో చుక్క తడి లేదు. మగ్గం నేసే ఒక పెద్దాయన అందులోకి దిగి, పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నాడు.

"ఇంత సాపు నేల మా వీధిలో యాడుండాదప్పా?" అన్నాడు.

ఎండలో నిలబడ్డానని జాలిపడి అన్నానికి ఇంటికి తీసుకెళ్లాడు. కాళ్లు కడుక్కుందామని వాకిట్లో చెంబు వంచబోతే ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"ఆడ పోయొద్దు నాయనా! సొరపాదులో నిలబడి కడుక్కో."

అప్పుడు గమనించాను. బియ్యం కడిగిన నీళ్లు గేదెకు, ఒళ్లు కడుక్కున్న నీళ్లు కరివేపచెట్టుకు. కొండ కింది బావి నుంచి నెత్తిన మోసుకొచ్చిన నీటిని ఆ ఊళ్లో ఎవరూ మురుగు కానివ్వరు. ఏ వాకిట్లోనైనా ఒక్కసారి కాళ్లు కడుక్కుని ఉంటే ఆ శుద్ధి కేంద్రం కట్టిన ఇంజనీర్లకీ తెలిసేది. వాళ్లు జీపు దిగి ఉండరు.

"మరి దాన్ని ఎలా ప్రారంభించారమ్మా?" అని అడిగాను.

"పెద్ద ఆఫీసరు వస్తాండాడు, ఇంటికో కడవ నీళ్లు తెమ్మనిరి. తెచ్చి తొట్లో పోస్తిమి. ఆయప్ప చూసి, శానా బాగుండాదని చప్పట్లు కొట్టి పాయ. ఆ పొద్దు మా ఊర్లో ఎవురింట్లోనూ సంగటి ఉడకలే."